బీరు నంజుకునే ఊరు



తెలుగులో నంజుకోవడం అని ఒక మాట ఉంది. పెరుగన్నంలో మాగాయ టెంక నంజుకుంటాం. పప్పన్నంలో వడియం నంజుకుంటాం. అన్నం అసలు, నంజుకునేది కొసరు. కొసరే కదా అని తీసేస్తే మాత్రం అసలు గొంతు దిగదు. ఆ రెండింటి చుట్టరికం అలాంటిది.

అయితే మందు ముందు కూర్చున్న మనిషికి ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడ గ్లాసు అసలు, పళ్ళెం కొసరు. ఉప్పు శనగలో, పల్లీలో, కారం చల్లిన ఉల్లిపాయ ముక్కలో ఏవో నాలుగు ముందు పెట్టుకుని దాన్ని చాక్నా అనో, మంచింగ్ అనో అంటాం. అసలు భోజనం ఎప్పుడో రాత్రి పదకొండు దాటాక, ఇంట్లో మూత పెట్టి ఉంచిన చల్లారిన అన్నం. అది తిన్నట్టూ కాదు, తిననట్టూ కాదు.

ఈ లెక్కను మళ్ళీ సరిగ్గా తిప్పిపెట్టిన ఒక ఊరి గురించి ఈ పూట మీతో మాట్లాడతాను. ఆ ఊళ్ళో భోజనం అసలు. బీరే నంజుడు. ఊరి పేరు బాంబెర్గ్.

జర్మనీలో బీరు అనగానే అందరికీ మ్యూనిక్ గుర్తొస్తుంది, పెద్ద పెద్ద గుడారాలు, లీటరు గ్లాసులు గుర్తొస్తాయి. బాంబెర్గ్ అలా హడావుడి చేసే ఊరు కాదు. అదే బవేరియా రాష్ట్రంలో ఉత్తరాన, ఫ్రాంకోనియా అనే ప్రాంతంలో ఉంది. రెగ్నిట్స్ అనే చిన్న నది, చుట్టూ ఏడు గుట్టలు, ఒక గుట్ట మీద నాలుగు శిఖరాల పాత చర్చి. పాత పురపాలక భవనాన్ని నది మధ్యలో, వంతెన మీద కట్టారు. పాత ఊరంతటినీ 1993లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. జనాభా ఎనభై వేలు దాటదు. ఇంత ఊళ్ళో బీరు కాచే ఇళ్ళు పదికి అటూ ఇటూగా ఉన్నాయి. వాటిలో చాలావాటికి సొంత వంటగది ఉంది, సొంత భోజనశాల ఉంది. మనం ఇప్పుడు బ్రూపబ్ అంటున్నామే, ఆ మాట పుట్టక ముందే వీళ్ళు నాలుగైదు వందల ఏళ్ళుగా ఆ పని చేస్తున్నారు.

ఉద్యోగరీత్యా నేను మూడేళ్ళు ఎర్లాంగెన్‌లో ఉన్నాను. అక్కడి నుంచి బాంబెర్గ్‌కు రైల్లో అరగంట పట్టదు. మా ఆఫీసులో రిటైర్మెంటుకు దగ్గరపడ్డ పెద్దాయన ఒకాయన, ఒక శనివారం నన్ను తీసుకెళ్ళాడు. నేనేమో సాయంత్రం వెళ్తామనుకున్నాను. ఆయన పొద్దున పదకొండింటి రైలుకు రమ్మన్నాడు. "ఇంత పొద్దున్నే తాగడమా?" అన్నాను. "తాగడానికి ఎవరు పిలిచారు, భోజనానికి పిలిచాను" అన్నాడు.

స్టేషను నుంచి పాత ఊరివైపు నడుస్తుంటే ఓబెరె కోనిగ్‌స్ట్రాసె అనే వీధి వస్తుంది. ఆ వీధిలో ఎదురెదురుగా రెండు బీరు ఇళ్ళు. ఒకటి స్పెత్సియాల్, 1536 నుంచి ఉంది. ఎదురుగా ఉన్నది ఫెస్లా, 1649 నాటిది. మధ్యలో రోడ్డు, అంతే దూరం. మేం స్పెత్సియాల్‌లోకి వెళ్ళాం. నున్నగా అరిగిపోయిన చెక్క బల్లలు, గోడ వెంబడి చెక్క బెంచీలు. నెత్తికి రుమాలు కట్టుకున్న అవ్వ, మనవరాలికి మాంసం ముక్కలు కోసి పెడుతోంది. సంచీ పక్కన పెట్టుకుని ఇద్దరు పోస్టుమన్‌లు సూపు తాగుతున్నారు. పాట లేదు, తెర మీద ఫుట్‌బాల్ లేదు. చెంచాల చప్పుడు, మాటల చప్పుడు. మా దగ్గరికి వచ్చినావిడ ఏం తాగుతారని అడగలేదు. "భోజనానికేనా?" అని అడిగింది. అవునంటే ఇంకో బల్ల చూపించింది. ఆ మాట నాకు అప్పుడు మామూలుగానే అనిపించింది. దాని విలువ ఇంటికొచ్చాక తెలిసింది. అది చివర్లో చెబుతాను.

బీరు వచ్చింది. అక్కడ అరలీటరు గ్లాసును సైడ్లా అంటారు. రంగు ముదురు తేనెలా ఉంది. గ్లాసు దగ్గరికి తెచ్చుకోగానే ముక్కు ఆగిపోయింది. కట్టెల పొయ్యి వాసన! మా చిన్నప్పుడు వానాకాలం తడికట్టెలతో పొయ్యి రాజేస్తే వంటింట్లోంచి వచ్చేదే, అచ్చం అదే. మన ఇంట్లో పాలు పొగచూరితే పారబోస్తాం. ఇక్కడ డబ్బులిచ్చి పొగచూరినది తాగాలా అనుకున్నాను. పెద్దాయన నా మొహం చూసి నవ్వాడు. "తిన్నాక తాగు" అన్నాడు.

ఈ పొగ కథ కొంచెం చెప్పుకోవాలి. మన ఇళ్ళలో పిల్లలకు రాగి మాల్ట్ చేస్తాం కదా. రాగులు నానబోసి, గుడ్డలో మూటగట్టి మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించి పిండి పట్టిస్తాం. బీరుకు బార్లీతో చేసేది సరిగ్గా ఇదే. గింజ మొలకెత్తినప్పుడు దానిలోని పిండిని చక్కెరగా మార్చే గుణం పుడుతుంది. మొలక మరీ పెరగక ముందే వేడి తగిలించి ఆపాలి. మనకు ఎండ ఉంది, దాబా మీద పరిస్తే చాలు. ఆ చలిదేశంలో ఎండ ఎక్కడిది? కింద కట్టెల మంట, పైన చిల్లుల పళ్ళెం మీద గింజలు. మంటతోపాటు పొగ కూడా గింజకు పట్టేది. అంటే ఒకప్పుడు అక్కడి బీర్లలో చాలావాటికి పొగ వాసన ఉండేది. అదేదో ప్రత్యేకమని ఎవరూ అనుకోలేదు. తర్వాత పొగ తగలకుండా వేడిగాలితో ఆరబెట్టే బట్టీలు వచ్చాయి. బీరు లేతరంగులోకి, శుభ్రమైన రుచిలోకి మారింది. లోకమంతా అటు వెళ్ళిపోయింది. బాంబెర్గ్‌లో రెండు ఇళ్ళవాళ్ళు మాత్రం బీచ్ అనే చెట్టు కట్టెలు ఆరబెట్టి, వాటి మంట మీదనే గింజను ఎండబెడుతూ ఉండిపోయారు. ఒకటి ఈ స్పెత్సియాల్, రెండోది ష్లెంకెర్లా. ఇద్దరూ మాల్ట్‌ను కూడా బయట కొనరు, సొంతంగా చేసుకుంటారు. ఆ బీరుకు రౌఖ్‌బియర్ అని పేరు, అంటే పొగబీరు.

ఇంతలో పళ్ళెం వచ్చింది. షొయ్‌ఫెర్లా అంటారు. పంది భుజం ఎముకతో సహా గంటల తరబడి ఓవెన్‌లో కాల్చింది. పైన తోలు అప్పడంలా పెళపెళలాడుతోంది. పక్కన బంగాళాదుంపతో చేసిన ముద్ద, మన రాగిముద్దంత. కాసింత పులిసిన క్యాబేజీ. ఒక ముక్క నోట్లో పెట్టుకుని, మీద ఒక గుక్క తాగాను. ఆ పొగ ఏమైపోయిందో తెలియదు! ఒంటరిగా ఉన్నప్పుడు అరిచిన పొగ, కాలిన తోలుతో కలవగానే దానిలో భాగమైపోయింది. కొవ్వు నాలుక మీద పేరుకోబోతుంటే, బీరులోని సన్నటి చేదు, బుడగలు దాన్ని కడిగేస్తున్నాయి. మళ్ళీ ముక్క తినాలనిపిస్తోంది. మాగాయ లేకుండా పెరుగన్నం, పెరుగన్నం లేకుండా మాగాయ ఎలా ఉంటాయో ఆలోచించండి. పొగబీరు ఒట్టిగా తాగితే ఒట్టి మాగాయ తిన్నట్టే.

ఆ మధ్యాహ్నం ఊరంతా తిరిగి, నది దాటి, చర్చి కిందున్న సందుల్లోకి వెళ్ళాం. అక్కడ డొమినికానెర్‌స్ట్రాసెలో ష్లెంకెర్లా ఉంది. ఆ ఇంటి ప్రస్తావన 1405 నాటి పత్రాల్లోనే ఉందట. కాళ్ళూ చేతులూ ఊపుకుంటూ నడవడాన్ని అక్కడి యాసలో ష్లెంకెర్న్ అంటారు. పూర్వం ఆ ఇంటి యజమాని ఒకాయన నడక అలా ఉండేదని, జనం పెట్టిన ఎగతాళి పేరే చివరికి బోర్డుకెక్కింది. మన ఊళ్ళలో హోటళ్ళకు అసలు పేరు ఒకటి, జనం పిలిచేది ఒకటి ఉండదూ, అలాగ. బీరు కాచేది మాత్రం ఈ ఇంట్లో కాదు, కాస్త పైన స్టెఫాన్స్‌బెర్గ్ అనే గుట్ట మీద. కిందికి వచ్చాక ఓక్ చెక్క పీపాలోంచే పోస్తారు. గ్యాసు ఒత్తిడి లేదు, పంపు లేదు. కొళాయి తిప్పితే దాని బరువుకు అదే దిగుతుంది. కొత్త పీపాకు కొళాయి బిగించేటప్పుడు చెక్క సుత్తితో కొట్టే దెబ్బ హాలంతా వినిపిస్తుంది.

ఇక్కడి బీరు స్పెత్సియాల్ కంటే నలుపు, పొగ కూడా ఎక్కువ. ఆల్కహాలు 5.1 శాతం. మొదటి గుక్క వింతగా ఉంటుంది, అక్కడితో ఆపొద్దు అని వాళ్ళే చెబుతారు. పెద్దాయన ఈసారి నాకు ఉల్లిపాయ తెప్పించాడు. ఉల్లిపాయ కూరా అని నీరసంగా చూశాను. వచ్చింది చూస్తే, పిడికిలి కంటే పెద్ద ఉల్లిగడ్డ ఒకటి. లోపల గుజ్జు తొలిచి, పొగబెట్టిన పంది కైమా కూరి, మెత్తగా ఉడికించారు. చుట్టూ అదే బీరుతో చేసిన గోధుమరంగు పులుసు. పైన పెళుసుగా వేగిన కొవ్వు ముక్క. మన గుత్తివంకాయకు దూరపు చుట్టం అనుకోండి. గుత్తివంకాయలో మసాలా చేసే పని, ఇక్కడ పొగ చేస్తోంది.

ఈ ఉల్లిపాయ వెనక ఊరే ఉంది. బాంబెర్గ్‌లో కూరగాయలు పండించే తోటమాలుల పేట ఒకటి వందల ఏళ్ళుగా ఉంది. యునెస్కో గుర్తించిన భాగంలో ఆ పేట కూడా ఒకటి. ఉల్లి పంట ఒక దశకు రాగానే, పైనున్న పచ్చటి కాడలను వాళ్ళు కాళ్ళతో తొక్కేవాళ్ళు. కాడకు పోయే బలం గడ్డకు దిగి, గడ్డ ఊరుతుందని. అందుకే బాంబెర్గ్ వాళ్ళను చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు 'ఉల్లి తొక్కేవాళ్ళు' అని ఆటపట్టిస్తారు. వీళ్ళ దగ్గరే వేలంత పొడుగ్గా, కొమ్ములా వంకర తిరిగి ఉండే ఒక బంగాళాదుంప కూడా పండుతుంది. అంటే ఆ పళ్ళెంలో ఉల్లిగడ్డ ఊరి తోటది, పులుసులోని బీరు ఊరి గుట్టది, గ్లాసులో ఉన్నదీ అదే. ఏదీ దూరం నుంచి రాలేదు. ఆ జోడు అంత బాగా కుదరడానికి వంటవాడి తెలివి ఒక్కటే కారణం కాదు. ఒకే ఊళ్ళో కలిసి పెరిగిన రుచులు అవి.

మిగతా ఇళ్ళ గురించి నాలుగు మాటల్లో. నది ఒడ్డున పాత మిల్లుల దగ్గర క్లోస్టెర్‌బ్రొయ్ 1533 నాటిది, నల్లబీరుకు వెళ్ళాలి. వుండెర్‌బుర్గ్ పేటలో మార్స్, కీస్మాన్ మళ్ళీ ఎదురెదురు. మార్స్ 1670 నుంచి ఉంది. అక్కడ "ఆ ఊ" అంటే చాలు, గ్లాసు వచ్చేస్తుంది. పీపాకు బిరడా గట్టిగా బిగించకుండా పండించిన బీరుకు జర్మన్‌లో ఉన్న పొడుగు పేరులో మొదటి అక్షరం ఊ, మరి 'ఆ' అంటే ఆ యాసలో ఒకటి. గ్యాసు తక్కువ, కడుపు ఉబ్బదు, భోజనంతో బాగా నప్పుతుంది. పంది మాంసం ముట్టనివాళ్ళు దిగులుపడక్కర్లేదు. సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఆ ప్రాంతంలో చేపల కాలం. బాంబెర్గ్‌కూ ఎర్లాంగెన్‌కూ పక్కనున్న ఐష్ లోయ నిండా చెరువులే. మన చెరువుల్లో బంగారు తీగ అంటామే, అదే జాతి చేపను నిలువునా రెండుగా చీల్చి, పిండి అద్ది, నూనెలో వేయించి సగం చేప మొత్తం పళ్ళెంలో పెడతారు. తోక, రెక్కలు కరకరలాడతాయి. కారం ఒక్కటే లేదు. నేనైతే జేబులో కారప్పొడి పొట్లం పెట్టుకెళ్ళేవాణ్ణి.

మర్యాదలు కూడా కొన్ని ఉన్నాయి. బల్ల మీద ష్టామ్‌టిష్ అని పలక కనిపిస్తే అక్కడ కూర్చోకూడదు. అది రోజూ వచ్చేవాళ్ళ బల్ల, మన ఊరి రచ్చబండ మీద పెద్దమనుషుల చోటు లాంటిది. మిగతా ఏ బల్ల దగ్గర ఖాళీ ఉన్నా "కూర్చోవచ్చా?" అని అడిగి, ముక్కూమొహం తెలియనివాళ్ళ పక్కనే కూర్చోవచ్చు. ఎన్ని తాగామో గ్లాసు కింది అట్టబిళ్ళ మీద పెన్సిలు గీతలు పెడతారు, లేచేటప్పుడు ఆ గీతలే బిల్లు. ఇంక చాలు, కానీ ఇంకొక్క గుక్క ఉంటే బాగుండు అనిపిస్తే, ష్నిట్ అని అడగాలి. నురగతో సగం గ్లాసు పోసిస్తారు. హైదరాబాద్ ఇరానీ హోటల్లో పౌనా చాయ్ అడిగినట్టు. కార్డు అన్నిచోట్లా నడవదు, నగదు ఉంచుకోవాలి.

ఇక ఎండాకాలం సంగతి. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే.

జర్మన్ భాషలో కెల్లెర్ అంటే నేలమాళిగ. మామూలుగా నేలమాళిగ లోకి దిగుతాం కదా. ఫ్రాంకోనియా వాళ్ళు మాత్రం "కెల్లెర్ మీదికి పోదాం పద" అంటారు. మీదికేమిటి అని నాకు చాలారోజులు అర్థం కాలేదు. విషయం ఏమిటంటే, మంచు యంత్రాలు లేని కాలంలో ఎండాకాలం బీరు చెడిపోయేది. చలికాలంలో కాచి, గుట్టల రాతిలో సొరంగాలు తవ్వి, గడ్డకట్టిన చెరువుల మంచు ముక్కలు పేర్చి అందులో దాచేవాళ్ళు. సొరంగం పైన ఎండ పడకుండా చెస్ట్‌నట్ చెట్లు నాటారు. వెడల్పాటి ఆకు, చిక్కటి నీడ, లోతుకు దిగని వేళ్ళు. బీరు కోసం నాటిన నీడలోకి మనుషులు చేరారు. పీపాలు కిందికి మోసుకెళ్ళడం ఎందుకు, ఇక్కడే పోస్తే పోలా అనుకున్నారు. 1870లలో కార్ల్ లిండే శీతల యంత్రం వచ్చాక సొరంగాల అవసరం తీరిపోయింది. చెట్లు మాత్రం అలాగే ఉన్నాయి, వాటి కింద బల్లలూ ఉన్నాయి.

దీనికి తిండి కథ ఒకటి తోడైంది. బీరు కాచేవాళ్ళు చెట్ల కింద బీరూ తిండీ రెండూ అమ్మేస్తుంటే, మ్యూనిక్‌లో పూటకూళ్ళవాళ్ళు మా గిరాకీ పోతోందని మొరపెట్టుకున్నారు. 1812లో రాజు మాక్సిమిలియన్ జోసెఫ్ ఒక రాజీ చేశాడు. బీరు అమ్ముకోండి, రొట్టె తప్ప వేరే తిండి అమ్మొద్దు అన్నాడు. జనం ఏం చేశారు? ఇంటి నుంచి మూట కట్టుకొచ్చారు. బీరు వాళ్ళది, తిండి మనది. ఆ ఆనవాయితీ ఇప్పటికీ బవేరియా అంతటా నడుస్తోంది. 1999లో బీరు తోటల మీద రాష్ట్రం నిబంధనలు చేసినప్పుడు, ఇంటి తిండి తెచ్చుకోవడాన్ని కూడా బీరుతోట లక్షణంగానే రాసుకున్నారు. బల్ల మీద గుడ్డ పరిచి ఉంటే వడ్డన బల్ల, ఒట్టి చెక్క బల్లయితే మన మూట విప్పుకోవచ్చు. అయినా ముందు ఒకమాట అడగడం మంచిది.

ఆ మాట విన్నాక నా బుర్రలో ఒకటే మెదిలింది. సద్దిమూట!

ఆ జూన్‌లో మా అమ్మ వచ్చింది. నల్లగొండ జిల్లా పల్లెటూరి మనిషి, విమానం ఎక్కడం అదే మొదలు. ఒక శనివారం బాంబెర్గ్ పక్కన పల్లెలో ఒక కెల్లెర్‌కు తీసుకెళ్తానన్నాను. శనివారం ఆవిడ నీసు ముట్టదు. ఆ దేశంలో ఏం తింటానో అని తనే పొద్దున్నే లేచి, చింతపండు పులిహోర కలిపి స్టీలు డబ్బాకెత్తింది. నిమ్మకాయ తొక్కు చిన్న సీసాలో వేరుగా. బస్సు దిగి గుట్ట ఎక్కేసరికి పెద్ద పెద్ద చెట్లు, కింద వరుసగా బల్లలు, పిల్లలు రాళ్ళ మీద ఆడుకుంటున్నారు, కుక్కలు కాళ్ళ దగ్గర పడుకున్నాయి. అమ్మ నిలబడి కలియజూసింది.

"గిదేంది బిడ్డా, మన ఈతవనం లెక్కనే ఉన్నది గద" అంది. తర్వాత పైకి చెట్ల కొమ్మల్లోకి చూసి, "గౌడ్ ఏడి మరి, చెట్టెక్కిండా?" అంది.

"ఈడ గౌడ్ చెట్టెక్కడమ్మా, గుట్టలకు దిగుతడు" అన్నాను.

నాకు ఒక సైడ్లా, అమ్మకు యాపిల్ రసంలో సోడా కలిపింది తెచ్చాను. డబ్బా మూత తీయగానే ఇంగువ, పోపు వాసన. పక్క బల్ల మీద ముసలి దంపతులు వాళ్ళ బుట్ట విప్పారు. నల్లరొట్టె, వెన్నా ఉల్లిపాయా మిరపపొడి వేసి మెదిపిన జున్నుముద్ద, ఒక తెల్ల ముల్లంగి. ఆ అవ్వ ముల్లంగిని ఒక చేత్తో తిప్పుతూ రెండో చేత్తో చాకుతో కోస్తుంటే, అది తెగకుండా పొడుగ్గా స్ప్రింగులా విచ్చుకుంది. మీద ఉప్పు చల్లి, ముల్లంగి కన్నీళ్ళు పెట్టుకునే దాకా అలా పక్కన ఉంచింది. అమ్మ కళ్ళార్పకుండా చూసింది. ఆ చూపు గమనించి అవ్వ సగం తుంచి మా వైపు జరిపింది. తీసుకుని ఊరుకుంటే మా అమ్మ ఎందుకవుతుంది? డబ్బా మూతలో పులిహోర పెట్టి, కొసన కాసింత తొక్కు వేసి ఇచ్చింది. అవ్వ ఫోర్కుతో ముందు తొక్కే తిన్నది. కళ్ళు గట్టిగా మూసుకుంది. బీరు రెండు గుక్కలు తాగింది. తర్వాత పులిహోర తిన్నది. మళ్ళీ బీరు. మూత మా వైపు తోసి, ఇంకొంచెం అన్నట్టు వేలు చూపించింది. పులుపు, కారం, వేరుశనగ, మీద ఆ గుట్ట బీరు. అది కుదిరిన జోడని ఆ అవ్వ మొహమే చెప్పింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. గంటన్నర సేపు మాట్లాడుకున్నారు.

నేను తిరిగొచ్చి ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నాను. 2015లో తెలంగాణలో మైక్రోబ్రూవరీలకు నిబంధనలు వచ్చాక ఇక్కడా గాజు అద్దాల వెనక మెరిసే ట్యాంకులు కనిపిస్తున్నాయి. వాటిలో కొన్నిచోట్ల వాడే మాల్ట్ జర్మనీదే. బాంబెర్గ్ స్టేషను పక్కనే 1879 నుంచి ఉన్న వయెర్‌మాన్ అనే మాల్ట్ కార్ఖానా ప్రపంచం నలుమూలలకు గింజను పంపుతుంది. అంటే బాంబెర్గ్‌కూ మనకూ గింజ చుట్టరికం ఉంది. బీరు చేసే పిల్లలు కూడా మంచి పనివాళ్ళు, ఆ మాట ఒప్పుకుని తీరాలి. వచ్చిన ఇబ్బంది పళ్ళెంలో. ఒక చోటికి వెళ్ళాను, పేరు వద్దులెండి. బీరు నిజంగా బాగుంది. తినడానికి ప్యాకెట్లోంచి తీసి వేయించిన బంగాళాదుంపలు, ఎక్కడైనా దొరికే పిజ్జా. ఎదుటి మనిషి మాట వినపడనంత పాట. గింజ బాంబెర్గ్ నుంచి వచ్చింది కానీ బల్ల మాత్రం రాలేదనిపించింది.

మనకు ఆ బల్ల తెలియనిదా? ఈతవనంలో కల్లు లొట్టి దింపిన చోటే, దింపిన పూటే తాగుతారు. పక్కనే ఒకామె గుడాలు ఉడకేసి తాలింపు పెట్టి అమ్ముతుంది, ఇంకొకామె ఎండుచేప నిప్పుల మీద కాలుస్తుంది. కల్లు ప్రయాణం చేస్తే చెడుతుందని తెలిసినవాళ్ళే ఆ తిండిని అక్కడికి తెచ్చారు. ఆ తెలివి ట్యాంకు పక్కకు కూడా వస్తే చాలు.

కనుక మంచి బ్రూపబ్ ఎక్కడుందని నన్ను అడిగేవాళ్ళకు నేను చెప్పేది ఇది. మధ్యాహ్నం పూట వెళ్ళండి. అక్కడ తినేవాళ్ళు ఎక్కువ ఉన్నారా, తాగేవాళ్ళు ఎక్కువ ఉన్నారా చూడండి. చిన్నపిల్లలు, పెద్దవాళ్ళు కనిపిస్తే మంచి గుర్తు. ఈ వారం ఏ ట్యాంకు కొత్తగా తెరిచారో అడగండి, చెప్పగలిగితే ఇంకో మంచి గుర్తు. అన్నీ ఒక్కో చిన్న గ్లాసు రుచి చూసి ఒకటి ఎంచుకోండి. మన కారానికి ఒక చిట్కా: మిరపకాయ బజ్జీ, కోడివేపుడు లాంటివాటితో మరీ చేదు బీరు తీసుకోవద్దు. చేదు, మంట ఒకదాన్నొకటి ఎగదోస్తాయి. గోధుమ బీరు గానీ, కాస్త తియ్యదనం ఉన్న ఎర్రటి మాల్ట్ బీరు గానీ కారాన్ని బుజ్జగిస్తాయి. సర్వపిండి, గారెలు లాంటి వేయించిన మాడు రుచులకు ఆ ఎర్రబీరు ఇంకా బాగా నప్పుతుంది. మటన్ కబాబులాంటి నిప్పుల మీది వంటలకు నల్లబీరు. తినడమే పనిగా పెట్టుకుంటే ఒకటి, మహా అయితే రెండు గ్లాసులతో కడుపు నిండుతుంది. బండి తాళం ఇంట్లోనే ఉంచి వెళ్ళండి. ఇరవయ్యొక్కటి నిండనివాళ్ళు పులిహోర డబ్బాతో సరిపెట్టుకోండి, అమ్మ వాటా అదే.

స్పెత్సియాల్‌లో ఆవిడ అడిగిన మాట గురించి చివర్లో చెబుతానన్నాను కదా. ఇక్కడ నేను వెళ్ళిన ప్రతిచోటా మెనూ చేతిలో పెట్టక ముందే "ఏం తాగుతారు సార్?" అంటారు. ఇన్నేళ్ళలో ఒక్కసారి మాత్రం, ఊరి చివర కొత్తగా తెరిచిన ఒక చిన్నచోట, ఏప్రను కట్టుకున్న కుర్రాడు వచ్చి, "అన్నా, తినడానికి వచ్చిన్రా? ఇయ్యాల తలకాయ కూర అయింది, జొన్నరొట్టె ఉన్నది. దాని మీదికి ఏ బీరు మంచిగుంటదో నేను చెప్తా" అన్నాడు.

నేను కుర్చీ జరుపుకుని కూర్చున్నాను.